పాత రాతి కొట్టాలు, ఇటుక గాదెలు: రిపేర్‌కి దిగే ముందు వాటిని ఎలా చూడాలి

వందేళ్ళో రెండొందల ఏళ్ళో కిందట రాయితోనో ఇటుకతోనో కట్టిన పశువుల కొట్టాలు, ధాన్యం కొట్లు, నూర్పిడి కొట్టాలు ఎవరి చేతికైనా వస్తే చాలామంది మొదట చేసే పని సిమెంట్ బస్తాలు దింపించుకోవడం. దయచేసి ఆ ఒక్కటి చెయ్యకండి. ఈ కట్టడాలు పడిపోవడం నేను చూశాను, నిలబడటం కూడా చూశాను, రెండింటికీ తేడా ఎక్కువసార్లు డబ్బు కాదు, గోడ మీద చెయ్యి వేసే ముందు దాన్ని ఎంతసేపు చూశారు అన్నది. అందుకే ఇందులో సగానికి పైగా చూడటం గురించే ఉంటుంది, కలపడం పూయడం చివర్లో వస్తుంది.

చూడటానికి వెళ్ళేటప్పుడు ఎండ రోజు కాదు, గట్టి వాన పడుతున్నప్పుడు వెళ్ళండి. ఎండలో అన్ని గోడలూ బాగానే కనిపిస్తాయి. వానలో అయితే చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, ఏ గొట్టం పగిలి గోడ మీదకి చిమ్ముతోంది, గోడ అడుగున నీళ్ళు నిలబడుతున్నాయా పారిపోతున్నాయా, అన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. టార్చి, తూకం గుండు (గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి కట్టి వేలాడదీసే గుండు), పొడవాటి స్క్రూడ్రైవర్, నోట్‌బుక్ తీసుకెళ్ళండి, తలకి హెల్మెట్ పెట్టుకోండి, ఒక్కరే మాత్రం వెళ్ళొద్దు, కప్పు కుంగినట్టు కనిపిస్తే దాని కిందకి అసలు పోవద్దు.

మొదట తేల్చుకోవాల్సింది ఇది ఏ పని కోసం కట్టారు అని. ఇది చరిత్ర సరదా కోసం చెప్పట్లేదు, ఏ పనికి కట్టిన కట్టడానికి ఆ జబ్బు ఉంటుంది కాబట్టి చెప్తున్నా. పొడుగు గోడల్లో ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు ఉన్నాయంటే అది దాదాపు నూర్పిడి కొట్టమే, బండి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవడానికి మాత్రమే కాదు, రెండు తలుపులూ తెరిస్తే మధ్యలో గాలి ఈడ్చి కొడుతుంది, ఆ గాలికే తూర్పారబట్టేవాళ్ళు. గోడల్లో సన్నటి నిలువు సందులు బయట ఇరుగ్గా లోపల వెడల్పుగా ఉంటాయి, అవి బాణాలు వెయ్యడానికి అని కొందరు అనుకుంటారు, కాదు, వాన లోపలికి రాకుండా గాలి మాత్రం ఆడటానికి. ఇటుక గోడల్లో అయితే అక్కడక్కడా ఇటుక వదిలేసి ముగ్గులా చిల్లులు పెడతారు, పని అదే. వీటిని మూసేస్తే లోపల చెమ్మ పెరిగి కప్పు దూలాలు కుళ్ళడం మొదలవుతుంది, కాబట్టి పిట్టలు వస్తున్నాయనో చలి అనో వాటికి సిమెంట్ కొట్టొద్దు. ఇవి కాకుండా ఒకే ఎత్తులో వరసగా చదరపు చిల్లులు కనిపిస్తే అవి కట్టేటప్పుడు సారవ కర్రలు దూర్చినవి అయ్యుండొచ్చు, అవీ అలాగే ఉండనివ్వండి.

ధాన్యం కొట్టు అయితే తరచుగా పుట్టగొడుగు ఆకారంలో ఉన్న రాళ్ళ మీద లేపి కట్టి ఉంటుంది, ఎలుకలు ఆ రాయి ఎక్కినా గొడుగు అంచు దాటి పైకి రాలేవు. ఆ రాళ్ళ మధ్య ఖాళీని తర్వాత ఎవరో గోడ కట్టి మూసేశారేమో చూడండి, అదే జరిగితే కింద గాలి ఆగిపోయి నేల దూలాలు కుళ్ళుతూ ఉంటాయి. గోడ లోపల వందల కొద్దీ చిన్న గూళ్ళు ఉంటే పావురాల కోసం కట్టింది, ఆ గూళ్ళ వల్ల గోడ లోపలి పొర బోలుగా ఉంటుంది, బరువులు మొయ్యమంటే మొయ్యదు. పశువుల కొట్టం సంగతి కొంచెం తర్వాత విడిగా చెప్తా, దానిది పెద్ద కథ.

కట్టినవాళ్ళ తెలివి ఎంతో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. ఇంగ్లండ్‌లో గ్రేట్ కాక్స్‌వెల్ అనే ఊళ్ళో బ్యూలీ మఠం సన్యాసులు కట్టించిన రాతి ధాన్యపు కొట్టం ఇప్పటికీ ఉంది, చెట్టు వలయాల లెక్కతో దాని కలప సుమారు 1292 నాటిదని తేల్చారు, పొడవు 46 మీటర్ల దాకా ఉంటుంది. లోపల కప్పుని మోసే పెద్ద ఓక్ స్తంభాలు నేల మీద నిలబడవు, మనిషి కంటే ఎత్తైన రాతి దిమ్మెల మీద నిలబడతాయి. నేల చెమ్మ కలప మొదలుకి అంటకుండా అంత ఎత్తుకి లేపారు, ఏడొందల ఏళ్ళు దాటాయి. ఇంకొకటి అమెరికాలో మసాచుసెట్స్‌లో, హాంకాక్‌లో షేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు 1826లో కట్టుకున్న గుండ్రటి రాతి కొట్టం, గడ్డి బండ్లు పై అంతస్తులోకి వచ్చి మధ్యలోకి గడ్డి దింపేవి, కింద ఆవులు చుట్టూ మూతులు మధ్యకి పెట్టి నిలబడేవి, 1864లో కాలిపోతే మళ్ళీ లేపారు. మీ చేతిలో ఉన్నది ఇంత పెద్దది కాకపోవచ్చు, కానీ దాని ఆకారంలో కూడా ఇలాంటి కారణాలే ఉంటాయి, అది కనిపెట్టేదాకా ఏదీ పీకొద్దు.

తర్వాత వయసు. గోడలో నిలువుగా గీత గీసినట్టు రెండు వైపుల రాళ్ళూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆగిపోయిన చోటు కనిపిస్తే అక్కడ ఒక కట్టడం అయిపోయి ఇంకోటి మొదలైందని అర్థం, దాన్ని పగులు అనుకుని కంగారు పడొద్దు. ఎత్తు గోడ మీద ఏటవాలు గుర్తు ఉంటే అక్కడ ఒకప్పుడు ఇంకో కప్పు ఆనించి ఉండేది. ఇటుకలు అయితే సైజు కొలవండి, అంచులు వంకరగా, ఒకదానికొకటి తేడాగా ఉంటే చేత్తో అచ్చు పోసినవి, అన్నీ ఒకే కొలతలో పదునుగా ఉంటే మెషిన్ ఇటుకలు. బ్రిటన్‌లో అయితే ఒక తమాషా గుర్తు ఉంది, 1784లో వెయ్యి ఇటుకలకి ఇంత అని పన్ను వేశారు, దాంతో కొందరు ఇటుకనే పెద్దది చేశారు, 1803లో పెద్ద ఇటుకలకి పన్ను రెట్టింపు చేశారు, 1850కి ఆ పన్నే ఎత్తేశారు. అయితే ఇటుక సైజు ఒక్కటే చూసి సంవత్సరం చెప్పేయకండి, పొలం కట్టడాల్లో పాత ఇటుకలు ఊడదీసి మళ్ళీ వాడటం మామూలే.

ఇప్పుడు జబ్బులు. పై నుంచి కిందకి రండి, ఎందుకంటే నీళ్ళు కూడా అలాగే వస్తాయి. కప్పు, చూరు, గొట్టాలు, గోడ తల, తర్వాతే గోడ. ఒక పెంకు జారితే ఆ నీళ్ళు గోడ నెత్తిన దిగి లోపలికి పోతాయి, బయటికి ఏళ్ళ తరబడి ఏమీ కనిపించదు. పెంకులు తీసేసి అలల సిమెంట్ రేకులు వేసిన కట్టడం అయితే జాగ్రత్త, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, వాటిని పగలగొట్టడం, కొయ్యడం, తోమి కడగడం ఏదీ చెయ్యొద్దు, పరీక్ష చేయించి తెలిసినవాళ్ళతోనే తీయించండి.

కప్పు కింద తప్పకుండా చూడాల్సింది అడ్డ దూలాలు. ట్రాక్టరో ట్రాలీయో లోపలికి పట్టట్లేదని ఎప్పుడో ఎవరో మధ్యలో ఒక అడ్డ దూలం కోసేసి ఉంటారు, ఇది చాలా చోట్ల చూశాను. ఆ దూలమే రెండు గోడలనీ లోపలికి పట్టి ఉంచేది. అది పోయాక కప్పు బరువు గోడలని బయటికి తోస్తుంది, గోడ తల మెల్లగా వాలుతుంది, మూలల్లో పైన వెడల్పుగా కింద సన్నగా పగులు వస్తుంది. ఇలాంటప్పుడు పగులు పూడ్చి లాభం లేదు, దూలం తిరిగి పెట్టాలి లేదా ఉక్కు కడ్డీతో కట్టాలి, అదీ పాత కట్టడాలు తెలిసిన ఇంజనీర్‌ని అడిగి.

రాతి గోడ గురించి ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా తప్పులు తప్పుతాయి. అది ఒక్క గోడ కాదు, రెండు గోడలు. బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి, సున్నం పోసి నింపుతారు, మొత్తం కలిపి అర మీటరు అటూ ఇటూ మందం ఉంటుంది. ఈ రెండు పొరలనీ పట్టి ఉంచేవి అడ్డంగా వేసిన కట్టు రాళ్ళు. గోడ నెత్తి నుంచి నీళ్ళు దిగితే మధ్యలో నింపింది కొట్టుకుపోయి అడుగున పేరుకుంటుంది, అక్కడ బయటి పొర గర్భిణి కడుపులా ఉబ్బుతుంది. గోడ వెంట చెంప ఆనించినట్టు పెట్టి ఒక కన్నుతో పొడుగునా చూడండి, ఉబ్బు ఇట్టే తెలుస్తుంది, తర్వాత తూకం గుండు వేలాడదీసి ఎంత ఉబ్బిందో రాసుకోండి. చిన్న కర్ర సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఒక శబ్దం, బోలుగా ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది, పదిసార్లు చేస్తే చెవికి అలవాటైపోతుంది. బయటి నుంచి గోడకి ఆనించి పేడకుప్ప వేశారా, లోపల ధాన్యం రాశి గోడకి ఆనించి పోశారా అనేది కూడా చూడండి, ఆ తోపుడికి కట్టిన గోడలు కావవి.

ఇంకో సంగతి, చాలా పొలం కట్టడాల్లో గోడ లోపల సున్నమే ఉండదు, ఉత్త మట్టి, బయట దర్జుల్లో, అంటే రాళ్ళ మధ్య సందుల్లో, మాత్రం సున్నం పూస్తారు. స్క్రూడ్రైవర్‌తో ఒక దర్జులో కొంచెం గీకి లోపల గోధుమ రంగు మట్టి కనిపిస్తే గోడ మట్టితో కట్టిందే. తప్పేం లేదు, పొడిగా ఉన్నంతకాలం రాయిలా నిలబడుతుంది. కానీ దాని మీద ప్రెషర్ వాషర్ పెట్టారంటే ఒక్క మధ్యాహ్నంలో లోపలి మట్టంతా బయటికి కారిపోతుంది. ఇటుకకి కూడా ప్రెషర్ వాషర్, ఇసుక బ్లాస్టింగ్ రెండూ వద్దు, కాలిన ఇటుకకి పైన గట్టి తోలు లాంటి పొర ఉంటుంది, అది పోతే లోపలి మెత్తటి మట్టి వానకి బయటపడుతుంది.

పగుళ్ళ దగ్గర అందరికీ భయం, కానీ పగులు కంటే అది పాతదా కొత్తదా అన్నది ముఖ్యం. టార్చి వేసి లోపలికి చూడండి. అంచులు గుండ్రంగా అరిగి, లోపల సాలెగూడు, దుమ్ము, పాత వెల్ల చుక్కలు ఉంటే అది ఎప్పుడో వచ్చి ఆగిపోయింది. అంచులు పదునుగా, లోపల రాయి రంగు శుభ్రంగా మెరుస్తుంటే కొత్తది, కదులుతోంది. బ్రిటన్‌లో ఇళ్ళ గోడలకి వాడే లెక్కలో 5 మిల్లీమీటర్ల లోపు చిన్నవి, 5 నుంచి 15 మధ్యస్తం, 15 నుంచి 25 తీవ్రం, 25 దాటితే మరీ తీవ్రం అని ఉంటుంది, అది ఒక అందాజు కోసం పెట్టుకోండి, కానీ 3 మిల్లీమీటర్ల పగులు ప్రతి నెలా పెరుగుతుంటే నాకు దాని మీదే ఎక్కువ బెంగ, వందేళ్ళ నుంచి కదలని 20 మిల్లీమీటర్ల దాని మీద కాదు.

ఇక సిమెంట్. ఒక కొట్టంలో ఎండ తగిలే వైపు గోడ చూపిస్తా అని తీసుకెళ్ళారు, దూరం నుంచి తేనెపట్టులా కనిపించింది. దగ్గరికి పోతే దర్జుల్లో పూసిన సిమెంట్ గీతలు పదునుగా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, మధ్యలో ఉన్న ఇసుకరాయి మాత్రం వేలు లోతు లోపలికి తినేసుకుపోయింది. బొటనవేలితో రుద్దితే పంచదారలా రాలింది. ఒక సిమెంట్ ముక్క కింద ఉలి పెట్టి లేపితే పలకలా ఊడొచ్చింది, దాని వెనక పాత సున్నం చెమ్మగా మెత్తగా ఉంది, వాన పడి మూడు వారాలు అయింది అప్పటికి. జరిగింది ఏమిటంటే గోడలోకి వెళ్ళిన తడి మామూలుగా సున్నం దర్జుల్లోంచి ఆరిపోవాలి, ఆ దారి సిమెంట్ మూసేసింది, దాంతో తడంతా రాయిలోంచే బయటికి వచ్చింది, వస్తూ ఉప్పుని రాయి పైపొరలో వదిలింది, చలి ఉన్నచోట ఆ నీళ్ళు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బి రాయిని పొరలు పొరలుగా లేపుతాయి. దర్జు ఎప్పుడూ రాయి కంటే, ఇటుక కంటే మెత్తగా ఉండాలి, చెడితే దర్జు చెడాలి, దాన్ని మళ్ళీ పూసుకోవచ్చు, రాయిని పూసుకోలేం. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నదే 1824లో, కాబట్టి అంతకు ముందు కట్టిన గోడలో బూడిద రంగు గట్టి దర్జు కనిపిస్తే అది తర్వాత ఎవరో పూసిందే. అయినా సరే ఉన్న సిమెంట్‌ని మొత్తం గ్రైండర్ పెట్టి కోసేయకండి, రాయి అంచులు పోతాయి. సులువుగా ఊడేది తియ్యండి, బిగుసుకుపోయింది కొన్నాళ్ళు వదిలేయండి.

పశువుల కొట్టం కథ చెప్తానన్నా కదా. పేడ, మూత్రం దశాబ్దాల పాటు గోడ అడుగున ఇంకుతాయి, అందులోంచి నైట్రేట్ ఉప్పులు తయారవుతాయి, ఎరువు బస్తాలు నిలవ పెట్టిన గదుల్లో కూడా ఇదే. ఈ ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది, కాబట్టి కప్పు బాగున్నా, నేల పొడిగా ఉన్నా, నడుం ఎత్తు దాకా గోడ తడిగానే ఉంటుంది, వాన ముసురు రోజుల్లో ముదురు రంగు మచ్చ తేలుతుంది. కరెంట్ తేమ మీటర్ గోడకి గుచ్చితే ముల్లు చివరికంటా పోతుంది, అది ఉప్పుని కూడా తడి కింద లెక్కేస్తుంది, ఆ అంకె చూపించి ఎవరైనా గోడకి రంధ్రాలు పెట్టి కెమికల్ ఎక్కిద్దాం అంటే తొందరపడొద్దు. చెయ్యాల్సింది పొడి బ్రష్‌తో తెల్లటి ఉప్పు దులిపి ఊడ్చి బయట పారేయడం, నీళ్ళతో కడగకూడదు, కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. తర్వాత మెత్తటి సున్నం గార ఒక పూత వేసి ఉప్పుని అందులోకి రానివ్వండి, అది చెడిపోతే గీకేసి ఇంకో పూత, అది రెండు మూడేళ్ళ పని, ఓపిక కావాలి. కొట్టంలో కొత్తగా కాంక్రీట్ నేల పోసి ఉంటే నేలలోని తడి పైకి రాలేక గోడల వైపు తిరుగుతుంది, అది కూడా చూసుకోండి. బయట మట్టి ఏళ్ళ తరబడి పేరుకుని గోడ మొదలు పూడిపోయి ఉంటుంది చాలాసార్లు, గడప పాతిపెట్టినట్టు కనిపిస్తే అదే సంగతి, ఆ మట్టి మెల్లగా తీసి పాత మట్టానికి తెస్తే సగం చెమ్మ దానంతటదే పోతుంది, అయితే పునాది కిందకి మాత్రం తవ్వొద్దు, ఈ కట్టడాలకి పునాది చాలా తక్కువ లోతే ఉంటుంది.

కలప దగ్గర పైపైన చూసి బాగుంది అనుకోవద్దు, కుళ్ళేది గోడలోకి దూర్చిన కొసలు. దూలం గోడలోకి పోయే చోట స్క్రూడ్రైవర్ గుచ్చండి, సులువుగా దిగితే లోపల పోయినట్టే. తలుపుల మీద లోపలి వైపు చెక్క లింటెల్ కూడా అంతే, బయట రాతి లింటెల్ కనిపిస్తుంది కాబట్టి లోపలిది ఎవరూ చూడరు. కలపలో తేమ 20 శాతం దాటి ఉంటేనే కుళ్ళు బతుకుతుంది, కాబట్టి మందులు కొట్టే ముందు నీళ్ళు ఆపండి. రాయిలో దిగ్గొట్టిన ఇనుప బందులు, మడత బందుల కొక్కేలు తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి, చీలిక పక్కన తుప్పు మరక ఉంటే కారణం అదే. గోడలో మొలిచిన చెట్లని, తీగలని పీకొద్దు, పీకితే రాళ్ళు కూడా వస్తాయి, మొదలు దగ్గర నరికి ఎండిపోనిచ్చి తర్వాత తియ్యండి. గబ్బిలాలు, గుడ్లగూబలు ఉంటే చాలా దేశాల్లో వాటికి చట్టం రక్షణ ఉంది, కట్టడానికి కూడా ఉండొచ్చు, పని మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి.

దర్జు పని ఎలా చెయ్యాలంటే, ముందు పాత సున్నం ముక్క ఒకటి, వాన తగలని చోటు నుంచి తీసి నలిపి చూడండి, ఇసుక రంగు, గింజ సైజు, సున్నపు తెల్ల బెడ్డలు కనిపిస్తాయి, దానికి దగ్గరగా ఉండే ఇసుక వెతకడమే అసలు పని, గోడ రంగు ఇసుకతోనే వస్తుంది. మామూలుగా ఒక వంతు సున్నం ముద్దకి మూడు వంతులు పదునైన గరుకు ఇసుక, కానీ ఇది ఇసుకని బట్టి మారుతుంది, కాబట్టి గోడ మూల కనిపించని చోట రెండు మూడు నమూనాలు పూసి ఆరాక చూడండి. సున్నం కళ్ళలో పడితే చూపు పోతుంది, అద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. వదులైన పాతది చేతి ఉలితో తియ్యండి, దర్జు వెడల్పుకి కనీసం రెండింతలు లోతు, దులిపి, గోడని బాగా తడపండి, పొడి రాయి సున్నంలో నీళ్ళు ఒక్కసారిగా పీల్చేస్తే అది పొడై రాలిపోతుంది. ముద్ద మరీ జారుగా ఉండకూడదు, లోపలికి గట్టిగా కూరాలి, పెద్ద సందుల్లో చిన్న రాతి బెడ్డలు దూర్చండి, రాయి మొహం మీదకి పూయొద్దు. కొంచెం బిగిశాక గట్టి బ్రష్ కొనతో పొడిచినట్టు కొట్టండి, పూతలో సందులు మూసుకుపోతాయి, ఇసుక గింజ పైకి తేలుతుంది, ఆరడానికి గరుకు మొహం దొరుకుతుంది. సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది, అది నెలల పని, అందుకే మొదటి వారం పది రోజులు తడి గోనె పట్టా కప్పి రోజూ చిలకరించండి, నేరుగా ఎండ, ఈదురు గాలి, మంచు తగలనివ్వొద్దు, చలి 5 డిగ్రీల కంటే తగ్గే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఈ పని పూర్తయ్యాక కదులుతుందేమో అని అనుమానం ఉన్న ప్రతి పగులుకి రెండు వైపులా చిన్న స్క్రూ ఒకటి బిగించి వాటి మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి, తేదీ, ఆ రోజు వానా ఎండా అనేది కూడా నోట్‌బుక్‌లో రాయండి. నెలకోసారి, ఒక ఏడాది పాటు. వేసవికి తెరుచుకుని వానలకి మూసుకుంటుంటే అది నేల మట్టి ఎండటం తడవటం వల్ల, ఒకే వైపుకి పెరుగుతూ పోతుంటే ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇంజనీర్ దగ్గరికి వెళ్ళండి, గోడ కంటే ముందు ఆయన అదే అడుగుతారు.